చిట్టి నేర్చిన బొమ్మల పని

చిట్టి జిల్లా పరిషత్ హైస్కూల్లో పదో తరగతి చదివింది. వాళ్ళది పల్నాడులో ఒక ఊరు. ఆ ఊళ్ళో మిరప, పత్తి పండిస్తారు. చిట్టి అమ్మానాన్నలకు సొంత పొలం లేదు. కూలికి పోతారు. తల్లి చిన్నప్పుడు బడి ముఖం చూడలేదు. ఇద్దరు పిల్లలు పుట్టాక పొదుపు సంఘంలో చేరింది. వేలిముద్ర వేయడం నామోషీ అనిపించి రాత్రిబడికి పోయింది. ఇప్పుడు సంతకం పెడుతుంది. కూడబలుక్కుని చదువుతుంది.

చిట్టికి బొమ్మలంటే ఇష్టం. సంక్రాంతికి వాడలో సగం ఇళ్ళ ముందు ముగ్గులు ఆ పిల్లే వేస్తుంది. పదో తరగతి పరీక్షలు అయ్యాయి. మేనత్త వచ్చి ఒక మాట చెప్పింది.

"నరసరావుపేటలో మా ఇంటి పక్కన డి.టి.పి. షాపు ఉంది వదినా. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీలు చేస్తారు. నడిపేది ఆడమనిషే. పిల్లను సెలవుల్లో పంపించు. పని నేర్చుకుంటుంది."

తండ్రి ఒప్పుకోలేదు. "బొమ్మలు కూడు పెడతాయా?" అన్నాడు.

"మిరపకాయ కోతలు మాత్రం ఏడాది పొడుగునా పెడుతున్నాయా?" అంది తల్లి. "నెల రోజులు పోనీ. ఆడపడుచు ఇంట్లోనే కదా ఉండేది."

అలా చిట్టి షాపులో చేరింది. ఆ షాపామెను అందరూ అక్కా అనే పిలుస్తారు.

ఈ పనిని గ్రాఫిక్ డిజైన్ అంటారు. అక్షరాలు, బొమ్మలు, రంగులు పొందికగా అమర్చాలి. చెప్పదలచుకున్న మాట చూసేవాళ్ళకు చేరాలి. అదే ఆ పని. సబ్బు మీది కాగితం, మందు సీసా మీది చీటీ, బస్సు మీది బోర్డు, ఓటు మిషను మీది గుర్తు, ఇవన్నీ ఎవరో ఒకరు కూర్చుని అమర్చినవే. మన ఇంట్లో అలాంటివి ఎన్ని ఉన్నాయో లెక్క పెడితే ఆశ్చర్యం వేస్తుంది.

మొదటి రోజు కంప్యూటర్ ముట్టుకోనిస్తారని చిట్టి ఆశపడింది. అక్క ముట్టుకోనివ్వలేదు. పాత శుభలేఖలు ఒక కట్ట తెచ్చి ముందు పడేసింది.

"ఒక్కొక్కటీ చూడు. మొట్టమొదట నీ కన్ను ఎక్కడికి పోయిందో చెప్పు."

ఒకదాంట్లో వినాయకుడి బొమ్మ కనబడింది. ఒకదాంట్లో పెళ్ళికొడుకు పేరు. ఇంకొకదాంట్లో ఏదీ ఆనలేదు. అన్నీ ఒకే సైజులో, అన్నీ బంగారు రంగులో ఉన్నాయి.

"అందరూ ఒకేసారి అరిస్తే ఎవరి మాటా వినబడదు. కాగితం మీద కూడా అంతే" అంది అక్క. "ఏది ముందు చెప్పాలో, ఏది తర్వాత చెప్పాలో తేల్చుకో. ముందు చెప్పేది పెద్దది. తర్వాతది చిన్నది. చుట్టూ కాస్త ఖాళీ వదులు. ఖాళీ దండగ కాదు."

తర్వాత తెలుగు టైపు నేర్చుకుంది. షాపుల్లో ఎక్కువగా వాడే పాత రకం తెలుగు అక్షరాల్లో ఒక చిక్కు ఉంది. అక్షరం ఒక ముక్క, గుడి ఒక ముక్క, ఒత్తు ఒక ముక్క. వేరువేరుగా కొట్టాలి. ఒక ఒత్తు జారిపోతే అల్లుడు కాస్తా 'అలుడు' అవుతాడు. చిట్టి ఒక శుభలేఖలో అలాగే కొట్టింది. అక్క అచ్చుకు పంపే ముందు ఒక కాగితం తీసి పెళ్ళివారికి ఇచ్చింది. దాన్ని ప్రూఫు అంటారు. పెళ్ళికూతురి అమ్మమ్మ పట్టుకుంది ఆ తప్పును. ప్రూఫు చూసి సంతకం పెట్టాకే అచ్చు వేస్తారు. మనం కరపత్రమో శుభలేఖో అచ్చు వేయిస్తే ప్రూఫు అడిగి తీసుకోవాలి. పేర్లు, తేదీ, ఫోను నంబరు నింపాదిగా చూసుకోవాలి.

తెలుగు అక్షరాలకు పైన తలకట్టు, గుడి ఉంటాయి. కింద ఒత్తులు ఉంటాయి. ఇంగ్లీషులో లాగా వరుసలు దగ్గరగా పెడితే పై వరుస ఒత్తు కింది వరుస గుడిని తగులుతుంది. అందుకని వరుసల మధ్య ఎక్కువ జాగా వదలాలి. ఇది అక్క చెప్పలేదు. చిట్టి నాలుగు కాగితాలు పాడుచేసి తనే తెలుసుకుంది.

రంగుల సంగతి ఇంకా తమాషా. తెర మీద ఎర్రగా నిగనిగలాడిన బొమ్మ కాగితం మీద కాస్త మాసినట్లు వచ్చింది. "మిషను పాడైందా అక్కా?" అని అడిగింది.

"కాదమ్మా. తెర వెలుతురుతో రంగు చూపిస్తుంది. కాగితానికి వెలుతురెక్కడిది? సిరానే ఉంటుంది" అంది అక్క. అచ్చు మిషన్లో ముఖ్యంగా నాలుగు సిరాలే. లేత నీలం, గులాబీ, పసుపు, నలుపు. వీటిని సన్నసన్న చుక్కలుగా పక్కపక్కన వేస్తే మిగతా రంగులు వస్తాయి. గులాబీ, పసుపు కలిస్తే ఎరుపు. నీలం, పసుపు కలిస్తే ఆకుపచ్చ. వార్తాపత్రికలో రంగుబొమ్మను భూతద్దం పెట్టి చూస్తే ఆ చుక్కలు కనబడతాయి.

మూడో వారం ఆదివారం చిట్టి ఊరికి వచ్చింది. అప్పటికి వాడలో ఒక ఘోరం జరగబోయి తప్పింది. ఎదురింటి వాళ్ళు పొలంలో మిగిలిన పురుగుమందును కూల్‌డ్రింకు సీసాలో పోసి, చూరుకింద పెట్టారు. నాలుగేళ్ళ పిల్లవాడు తీసి ఒక గుక్క మింగాడు. 108కి ఫోను చేసి ఆసుపత్రికి తీసుకుపోయారు. ఏ మందు తాగాడని డాక్టరు అడిగాడు. డబ్బా పొలంలోనే పారేశారు. ఎవరూ చెప్పలేకపోయారు. ఒక మనిషి బండి మీద పోయి ఆ డబ్బా వెతికి తెచ్చాడు. పిల్లవాడు బతికాడు.

ఆ రాత్రి చిట్టి తల్లి అంది. "మందులోకి నీళ్ళు మోసేది మేమే. కలిపేది మేమే. డబ్బా మీద ఏముందో చదవబోతే చీమల బారులాగా ఉంటుంది. అక్షరం వచ్చీ ఏం లాభమే?"

తల్లి మాట నిజమే. పురుగుమందు డబ్బా మీద తెలుగు కూడా ఉంటుంది. కానీ చిన్న డబ్బా మీద చాలా సంగతులు ఇరికిస్తారు. అయితే చదవకుండానే తెలుసుకునే గుర్తు ఒకటి దాని మీదే ఉంది. పలకను మూల మీద నిలబెట్టినట్లు ఉంటుంది. మధ్యకు అడ్డంగా గీత. పైన ఒక ముక్కోణం, కింద ఒక ముక్కోణం. కిందిదాంట్లో రంగు నింపుతారు. ఎరుపు ఉంటే అతి భయంకరమైన విషం. దాని పైన పుర్రె, ఎముకల బొమ్మ కూడా ఉంటుంది. పసుపు ఉంటే చాలా ఎక్కువ విషం. నీలం ఉంటే ఒక మోస్తరు విషం. ఆకుపచ్చ ఉంటే ఆ నాలుగింటిలో తక్కువ విషం. 1971 నాటి పురుగుమందుల నిబంధనల ప్రకారం ఈ గుర్తు డబ్బా మీద ఉండి తీరాలి.

దీన్ని పెద్దగా వేసి ఊళ్ళో కడదామని చిట్టికి తోచింది. అక్కతో చెప్పింది. "చెయ్యి. ముందు మీ అమ్మకు చూపించు. తర్వాతే నాకు చూపించు" అంది అక్క.

చిట్టి రెండు రోజులు కూర్చుని తయారు చేసింది. వంకీలు తిరిగిన అందమైన అక్షరాలు ఎంచుకుంది. వెనక మిరపతోట ఫొటో పెట్టింది. తెల్లని చోట పసుపు అక్షరాలు వేసింది. కాగితం నిండా మాటలే. తల్లి చేతికిచ్చింది.

తల్లి వేలు పెట్టి చదవసాగింది. మొదటి మాట దగ్గరే ఆగిపోయింది. "ఇది పానా, వానా?" అంది. లావు అక్షరాల్లో 'ధ' అడుగున గీత, 'థ' పొట్టలో చుక్క పూడిపోయాయి. అన్నీ 'ద' లాగే ఉన్నాయి. పసుపు మాటలు అసలు కనబడలేదు. "దీపం కింద కూర్చున్నా చదవలేకపోతున్నాను. పొలానికి పోతూ నిలబడి ఎవరు చదువుతారే ఇంత పురాణం?" అంది.

చిట్టికి ఏడుపొచ్చింది. మర్నాడు పొద్దున్నే లేచి మాటలు కొట్టేసింది. వంకీ అక్షరాలు తీసేసి, బడి వాచకంలో ఉండే మామూలు అక్షరాలు పెట్టింది. మిరపతోట పోయింది. పసుపు నేల మీద నల్లని అక్షరాలు వేసింది. వీధి అవతలి నుంచి కూడా కనబడ్డాయి.

ఆ మంగళవారం సంఘం మీటింగుకు పట్టుకుపోయింది. ఏమీ చెప్పకుండా ముందు పెట్టింది. "ఏం అర్థమైందో మీరే చెప్పండి" అంది.

పుర్రె బొమ్మను అందరూ గుర్తుపట్టారు. కరెంటు స్తంభాల మీద చూసినదే. ఎరుపు కూడా తెలిసింది. ఆకుపచ్చ దగ్గరికి వచ్చేసరికి ఒక పిన్ని, "ఇది మంచి మందు. ఏం కాదు" అంది. నలుగురు అవునన్నారు.

చిట్టి గుండె గుభేలుమంది. ఎందుకలా అన్నారో తర్వాత తెలిసింది. బిస్కెట్టు పొట్లం మీద, నూనె ప్యాకెట్టు మీద పచ్చ చుక్క ఉంటుంది. అది శాకాహారం అని చెప్పే గుర్తు. మాంసాహారమైతే గోధుమరంగు ముక్కోణం వేస్తారు. దుకాణంలో పచ్చ చుక్క చూసి చూసి, పచ్చ అంటే తినేదని, మంచిదని మనసులో పడిపోయింది. రంగు ఒక్కటే. తిండి పొట్లం మీద దాని మాట వేరు. విషం డబ్బా మీద దాని మాట వేరు. ఇలాంటి చోట తప్పు పిన్నిది అనడానికి లేదు.

ఒక ముసలమ్మ అందుకుంది. "మాకు అక్షరాలు రాని రోజుల్లో గోడల మీద ఎర్ర ముక్కోణం ఉండేది. కుటుంబ నియంత్రణ అని దాన్ని చూస్తేనే తెలిసేది. ఎందుకు తెలిసిందంటావ్? ఊరూరా తిరిగి చెప్పారు కాబట్టి. బొమ్మ దానంతటది మాట్లాడదే పిల్లా."

ముసలమ్మ చెప్పింది సరైన మాట. ఎన్నికల గుర్తుల కథ కూడా అంతే. 1951 జనాభా లెక్కల్లో మన దేశంలో చదువు వచ్చినవాళ్ళు నూటికి 18 మంది. ఆడవాళ్ళలో నూటికి 9 మంది కూడా లేరు. 1951-52లో మొదటి ఎన్నికలు వచ్చాయి. పేరు చదవలేనివాళ్ళు ఓటెలా వేయాలి? అందుకే ఎడ్లజత, గుడిసె లాంటి గుర్తులు పెట్టారు. ఒక్కొక్క అభ్యర్థికి ఒక్కొక్క డబ్బా, దాని మీద గుర్తు. తర్వాత చాలా ఏళ్ళు ఎన్నికల సంఘంలో ఎం.ఎస్. సేథీ అనే ఆయన పెన్సిలుతో ఈ గుర్తులు గీశారు. 1992లో ఉద్యోగ విరమణ చేశారు. మన ఇళ్ళలో ఉండే వస్తువులనే గీశారు. మంచం, దువ్వెన, నిచ్చెన. చూడగానే పేరు పెట్టి పిలవగలిగేవి.

చిట్టి మళ్ళీ కూర్చుంది. ఈసారి నిజం డబ్బా బొమ్మ పెద్దగా వేసింది. గుర్తు డబ్బా మీద ఎక్కడ ఉంటుందో బాణం గీసి చూపించింది. కింద నాలుగు రంగుల ముక్కోణాలూ వరుసగా పెట్టింది. నాలుగింటి మీదా ఒకే మాట రాసింది. "నాలుగూ విషాలే." మరి ఎక్కువ తక్కువలు తెలియాలి కదా? ఎరుపు ముక్కోణాన్ని అన్నిటికన్నా పెద్దది చేసింది. పచ్చదాన్ని చిన్నది చేసింది, కానీ వరుసలోంచి తీయలేదు. పక్కన కూల్‌డ్రింకు సీసా గీసి, ఎర్రగా అడ్డంగా కొట్టేసింది. అడుగున నాలుగు ముక్కలు రాసింది. "వేరే సీసాలో పోయవద్దు. పిల్లలకు అందనివ్వవద్దు. ఒంటి మీద పడితే బట్టలు విప్పి, సబ్బునీళ్ళతో కడగాలి. మింగితే 108కి ఫోను. డబ్బా వెంట తీసుకుపోవాలి."

ఆసుపత్రి నర్సమ్మకు ఒకసారి చూపించింది. వాంతి చేయించమని రాయాలనుకున్నానని చెప్పింది. నర్సమ్మ వద్దంది. కొన్ని మందులు వాంతిలో ఊపిరితిత్తుల్లోకి పోయి ఇంకా ముప్పు తెస్తాయి. డాక్టరు చెప్పకుండా వాంతి చేయించకూడదు. ఆ మాట ఫ్లెక్సీలో పెట్టకుండా ఉండటమే మేలైంది.

ఫ్లెక్సీకి అడుగుల లెక్కన డబ్బు. నిడివి 4 అడుగులు, వెడల్పు 3 అడుగులు. రెండూ హెచ్చవేస్తే 12 చదరపు అడుగులు. సంఘం వాళ్ళు తలా కాస్త వేసుకున్నారు. అక్క తన కూలి పట్టుకోలేదు. పంచాయతీ ఆఫీసు పక్కన, పొలాలకు పోయే దారి మొదట్లో కట్టారు. తల్లి దాని ముందు నిలబడి ఆగకుండా చదివింది. తండ్రి చూశాడు. ఏమీ అనలేదు. కాసేపటికి ఇంటికి పోయి, చూరులో ఉన్న మందు డబ్బా తీసి పెట్టెలో పెట్టి తాళం వేశాడు.

చిట్టి పదో తరగతి పాసైంది. ఇప్పుడు ఇంటర్‌లో చేరింది. సెలవుల్లో షాపుకు పోతుంది. అక్క ఇచ్చే డబ్బు పుస్తకాలకు సరిపోతుంది. ఇంటర్ అయ్యాక ఈ చదువే చదవాలని ఆ పిల్ల కోరిక. దీనికి పెద్ద చదువులు ఉన్నాయి. హైదరాబాదులో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్, ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 2015లో మొదలైంది. ఇంటర్లో ఏ గ్రూపు వాళ్ళైనా దాని పరీక్ష రాయవచ్చు. అందులో బొమ్మ గీయడం, ఆలోచించి చెప్పడం చూస్తారు. ఫీజు మాత్రం కూలి చేసేవాళ్ళకు తేలికైనది కాదు. స్కాలర్‌షిప్పుల సంగతి ముందే కనుక్కోవాలి. తండ్రి ఇంకా ఔననలేదు, కాదనలేదు.

ఎండకు ఫ్లెక్సీలో ఎరుపు వెలిసిపోయింది. ముఖ్యమైన రంగే పోయిందని చిట్టి దిగులుపడింది. ఊళ్ళో గోడల మీద రాతలు రాసే పెయింటరు ఒకాయన ఉన్నాడు. ఆయనతో కలిసి పంచాయతీ గోడ మీదే రంగులతో వేస్తోంది. గళ్ళు గీసి, బొమ్మను గడిగడిగా ఎక్కించడం ఆయన దగ్గర నేర్చుకుంటోంది. ముసలమ్మ రోజూ వచ్చి అరుగు మీద కూర్చుంటుంది. ఖాళీ మందు డబ్బా కడిగి నీళ్ళు పట్టుకునేవాళ్ళు ఊళ్ళో ఇంకా ఉన్నారట. దానికీ ఒక బొమ్మ వేయమని అడిగింది. చిట్టి సీసా పక్కన కాస్త జాగా వదిలింది.