తొట్టిలో చేపల ఊపిరి

సైన్సులో నత్రజని చక్రం బొమ్మ మనమందరం గీసినాము కదా. నాకు మాత్రం అది చేపల తొట్టి దగ్గరే అర్థమైంది.

వేసవి సెలవుల్లో మా చిన్నాన్న కూలి చేసే చేపల షెడ్డుకి పోయాను. అక్కడ చెరువు లేదు. గుండ్రటి తొట్లలో తిలాపియా చేపలు కిక్కిరిసి ఉంటాయి. వాడిన నీళ్లే శుభ్రమై మళ్లీ తొట్టిలోకి వస్తాయి. అడుగు నీళ్లు ముందు జల్లెడకు పోతాయి. పెంట, మిగిలిన మేత అక్కడ ఆగుతాయి. తర్వాత ప్లాస్టిక్ ముక్కలున్న డ్రమ్ములోకి పోతాయి.

ఈ డ్రమ్ము ఎందుకంటే, చేప తన మొప్పల నుంచి అమ్మోనియా వదులుతుంది. అది విషం, కంటికి కనపడదు. ముక్కల మీద జిగురులా పట్టిన బాక్టీరియా దాన్ని నైట్రైటుగా మారుస్తుంది. నైట్రైటు కూడా విషమే. ఇంకో రకం బాక్టీరియా దాన్ని నైట్రేటు చేస్తుంది. నైట్రేటుతో అంత హాని లేదు. మన వాగులో నీళ్లు బాగాలేకపోతే చేప పైకో కిందికో పోతుంది. తొట్టిలో చేప ఎక్కడికి పోతుంది?

నాకు ఇదంతా అప్పుడు తెలియదు. జిగురు చూసి మురికి అనుకున్నాను. చిన్నాన్నకు సాయం చేద్దామని ముక్కలన్నీ బ్లీచింగ్ పౌడరుతో రుద్ది రుద్ది కడిగాను. తెల్లగా మెరిసినాయి. రెండు రోజులకి చేపలు మేత ముట్టలేదు. తర్వాత నీళ్లు పడే చోట గుంపుగా చేరి నోళ్లు తెరిచినాయి. చచ్చినదాన్ని తీసి చూస్తే మొప్పలు ఎర్రగా లేవు, గోధుమ రంగులో ఉన్నాయి. నైట్రైటు రక్తంలో చేరితే రక్తం ప్రాణవాయువును మోయలేదంట. చిన్నాన్న మేత ఆపి, కొంత నీరు మార్చి, ఉప్పు వేసినాడు. ఉప్పులోని క్లోరైడు నైట్రైటును మొప్పల్లోకి సులువుగా పోనివ్వదు.

అప్పటి నుంచి రోజూ పొద్దున్నే చిన్నాన్న వెంట తిరిగాను. మేత డబ్బా పట్టక ముందే చేపల్ని చూడాలి. పైకి తేలి గుటకలు వేస్తున్నాయా, పక్కకి ఒరుగుతున్నాయా అని. ప్రాణవాయువు లీటరుకి 5 మిల్లీగ్రాములకు తగ్గకూడదు. మేత కొంచెం కొంచెం వేసి, తినడం ఆపగానే మనమూ ఆపాలి. కరెంటు పోతే మేత అసలు వేయొద్దు, వెంటనే జనరేటరు వేయాలి. ఇంత కిక్కిరిసిన తొట్టిలో గంట ఆలస్యమైనా చేపలు చచ్చిపోవచ్చు. ముక్కలు కడగాలంటే ఆ తొట్టి నీళ్లతోనే, పైపైన కడగాలి.

మొత్తం 43 చేపలు చచ్చినాయి. వాటి డబ్బు షావుకారు చిన్నాన్న కూలిలో పట్టుకున్నాడు. చిన్నాన్న నన్ను ఒక్క మాట అనలేదు. అందుకే నాకు ఇంకా ఏడుపొచ్చింది.

బాక్టీరియా మళ్లీ పెరగడానికి నెల పైనే పడుతుంది. నేను బడికి వచ్చేసరికి ముక్కలు ఇంకా తెల్లగానే ఉన్నాయి. పోయిన ఆదివారం ఫోనులో చిన్నాన్నని అడిగాను. జిగురు పట్టిందంట.