చలివేళ తడబడు ఇంజను

గ్రామపు పెట్రోలు పంపుసెట్టు తెల్లవారుజామున తడబడినచో ప్రజలకు నీరు ఆలస్యమగును. కొత్త ఇంజనుకై తీర్మానించుటకు ముందు సభ్యులు ఈ పరీక్ష చేయించవలెను.

చలిలో పెట్రోలు చక్కగా ఆవిరి కాదు. కావుననే చోక్ మూసి, గాలిని తగ్గించి, పెట్రోలు వంతును హెచ్చింతురు. ఇంజను అంటుకొనిన పిదప చోక్‌ను మెల్లగా తెరువవలెను. తెరచునప్పుడు తడబడి, కొంచెము మూయగానే కుదుటపడినచో పెట్రోలు చాలుట లేదని అర్థము. కార్బురేటరు జెట్టును, పెట్రోలు ఫిల్టరును శుభ్రము చేయించవలెను.

అప్పటికిని కుదుటపడనిచో, ఇంజను ఆపి, చల్లారిన పిదప స్పార్కు ప్లగ్గును విప్పించి చూడవలెను. అచ్చట బీడీ, దీపము కూడదు. ప్లగ్గు పొడిగా నున్నచో పెట్రోలు అందుట లేదు. తడిసియున్నచో స్పార్కు బలహీనమై యుండవచ్చును, లేదా చోక్ ఎక్కువసేపు మూసి యుండవచ్చును. నల్లని మసి పట్టినచో గాలి ఫిల్టరును చూడవలెను.

ప్లగ్గు వెల స్వల్పము. ఇంజను వెల పంచాయతీ నిధికి భారము. ముందు స్వల్పమైన దానిని పరీక్షింపుడు.