ఇంటిముంగిట పచ్చిక : గడ్డిని ఎన్నుకొని నెలకొల్పు విధము

ఇంటిముందు కొంచెము నేల మిగిలినచో అందు పచ్చిక పెంచవలయునను కోరిక మన పట్టణములలోను పెద్ద గ్రామములలోను హెచ్చుచున్నది. అయితే వానకాలమున నాటిన పచ్చిక దీపావళినాటికి కన్నులపండువుగా నుండి, మరుసటి వేసవిలో బావినీరు అడుగంటినప్పుడు మాడిపోవుటయు, పెట్టిన సొమ్ము మట్టిపాలగుటయు తఱచుగా చూచుచున్నాము. ఇందు గడ్డి దోషము లేదు. మన ముంగిట ఎన్ని గంటల యెండ పడును? మే నెలలో మనము ఎన్ని బిందెల నీరు ఈయగలము? ఈ రెండు ప్రశ్నలు వేసికొనక, నర్సరీలోని పచ్చదనమును మాత్రమే చూచి గడ్డిని కొనుటయే దోషము.

గడ్డిజాతులన్నియు ఎండకు ఒక్కతీరున తాళవు. ఇంగ్లాండు మొదలగు చలిదేశముల పచ్చికలయందు పెరుగు రై, ఫెస్క్యూ, బెంట్ అను గడ్డులకు 15 మొదలు 24 డిగ్రీల సెంటిగ్రేడు వరకు గల వాతావరణము హితము. నవంబరునెలలో చల్లిన రై గడ్డి విత్తనము మన యొద్దను చక్కగా మొలచును, సంక్రాంతినాటికి ముచ్చటగానే యుండును. వేసవి ముదిరినపిమ్మట మాత్రము నిలువదు. ఉష్ణదేశపు గడ్డులకు 27 మొదలు 35 డిగ్రీల వేడిమియే అనుకూలము. మన ముంగిళ్లకు ఇవియే తగినవి.

ఈ భేదమునకు కారణము ఆకు లోపలనున్నది. ఆకు గాలియందలి బొగ్గుపులుసు వాయువును పట్టి, సూర్యరశ్మి సాయమున చక్కెరగా మార్చునని మన విద్యార్థు లెఱుగుదురు. వరి, గోధుమ, రై గడ్డి మొదలగువానిలో ఈ వాయువును పట్టు ఎంజైము, వేడి హెచ్చినకొలది పొరబడి దానికి మారుగా ప్రాణవాయువును పట్టుకొనును. అందువలన మొక్క చేసిన పనిలో కొంత వ్యర్థమగును. చెఱకు, జొన్న, మొక్కజొన్న, గరిక అను వానిలోనో, బొగ్గుపులుసు వాయువు మొదట నాలుగు కర్బన పరమాణువులు గల ఆమ్లముగా మారి, ఆకు లోపలి కణములకు చేర్చబడి, అచ్చట చిక్కగా విడువబడును. ఇక ఎంజైము పొరబడుట మిక్కిలి అరుదు. ఒక్కొక్క చుక్క నీటికి జరుగు పనియు హెచ్చు. ఈ మార్గమును 1966వ సంవత్సరమున ఆస్ట్రేలియా దేశపు బ్రిస్బేన్ నగరమున హాచ్, స్లాక్ అను శాస్త్రజ్ఞులు చెఱకు ఆకులను పరీక్షించి స్పష్టముగా వివరించిరి. చెఱకుతోటకును మన ముంగిటి గరికకును ఇట్టి చుట్టఱికము కలదని ఎవరు తలంతురు?

మనకు దొరకు ఉష్ణదేశపు గడ్డులలో మూడింటిని గూర్చి ఆలోచించిన చాలును.

మొదటిది గరిక. సంస్కృతమున దూర్వ, వినాయకచవితి పత్రిలో చేరునది, గరికపాడు అను పేరు గల గ్రామములు ఆంధ్రదేశమున ఒకటికంటె నెక్కువ యున్నవి. ఇంగ్లీషువారు దీనిని బెర్ముడా గడ్డి యందురుగాని, ఇది ఆ దీవులలో పుట్టినది కాదు, పాతలోకపు గడ్డియే. ఇది నేలపై ప్రాకు కాడలతోను, నేలలోపల ప్రాకు కాడలతోను రెండు విధముల వ్యాపించును. అనుకూలమైన నేలలో దీని వేళ్లు ఒక మీటరుకంటె లోతునకు దిగును. తొక్కుడునకు ఓర్చును, పిల్లలు ఆడుకొను చోటికి దీనికంటె తగినది లేదు. దీనికి సహింపరానిది నీడ యొక్కటే. దినమునకు ఆఱుగంటలకు తక్కువగాని నేరుటెండ కావలయును, ఎనిమిది గంటలున్న మఱియు మేలు.

గరికలో సంకరజాతులును గలవు. అమెరికాలోని జార్జియా రాష్ట్రమున టిఫ్టన్ అను నూరిలో గ్లెన్ బర్టన్ అను శాస్త్రజ్ఞుడు ఎన్నుకొనిన, మన గరికకును ఆఫ్రికాఖండపు సన్నగరికకును పుట్టిన సంకరమగు టిఫ్‌వే అను రకము 1960లో వెలువడెను. గరికకు క్రోమోజోములు 36, సన్నగరికకు 18, సంకరమునకు 27. ఈ బేసిసంఖ్య సరిజంటలుగా విడిపోజాలదు గనుక, కంచరగాడిదకు పిల్లలు లేనట్లే, దీనికి విత్తనము లేదు. కావున ఇట్టి సంకరగరిక విత్తనమని యెవరైన పొట్లము చూపినచో కొనరాదు. సంకరగరిక పట్టువలె నుండునుగాని, తఱచు కత్తిరింపును ఎరువును కోరును. సామాన్య గృహస్థునకు ఊరిగరికయే చాలునని మా అభిప్రాయము.

రెండవది జోయిసియా. ఇది మెత్తని దిండువలె దట్టముగా పెరుగును, గరికకంటె కొంచెము హెచ్చు నీడకు ఓర్చును; పెరుగుట మాత్రము మిక్కిలి మెల్లన. పలుచగా నాటినచో నేలను కప్పుటకు రెండేండ్లయినను పట్టవచ్చును. ఓపికయు ధనమును గలవారికి ఇది మంచిదే. మూడవది వెడల్పాటి ఆకులుగల కార్పెట్ గడ్డి. అమెరికాఖండపు ఉష్ణభాగములనుండి వచ్చిన యిది చెట్లనీడలో బాగుగా పెరుగును. కాని దీనికి నేలలోపలి కాడలు లేవు, వేళ్లు పైపైననే యుండును. నీరు తప్పినచో చచ్చును.

ఎండను కొలుచుటకు యంత్ర మక్కఱలేదు. విద్యార్థులు ఒక సెలవుదినమున ఉదయము 7 గంటలు మొదలు సాయంకాలము 5 గంటల వరకు, గంట గంటకును ముంగిటి పటముపై నీడపడిన భాగమును గీసి, మఱునాడు లెక్క చూచిన చాలును. ఆఱుగంటల యెండ పడు భాగము గరికకు. మూడు నాలుగు గంటలు పడు భాగము, నీరున్నయెడల, కార్పెట్ గడ్డికి. అంతకంటె తక్కువ పడుచోట ఏ గడ్డియు వలదు, ఇసుకయో గులకఱాళ్లో పఱచుట మంచిది. పచ్చికకొఱకు వేపచెట్టును మామిడిచెట్టును కొట్టించువారును గలరు. ముప్పది యేండ్ల నీడను మూడునెలల గడ్డికి మార్చుకొనుట మాకు సమ్మతము కాదు.

ఇక నీటి లెక్క. ఒక చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు నీరు నిలిచినచో అది సరిగా ఒక లీటరు. ఒక సెంటు నేల రమారమి 40 చదరపు మీటర్లు. వేసవిలో గరిక పచ్చగా నుండుటకు వారమునకు 25 మిల్లీమీటర్ల నీరైనను కావలయును. అనగా సెంటునకు వారమునకు 1,000 లీటర్లు. 15 లీటర్ల బిందెతో లెక్కించినచో 67 బిందెలు. రెండు సెంట్లు పెంచినవారికి 134. ఇంటిల్లిపాదికి త్రాగునీరు మోసికొనివచ్చు తల్లులు ఈ లెక్కను చూచి ఏమందురో మేము చెప్పనక్కఱలేదు. ట్యాంకరు నీటిని కొను పట్టణములలోనైతే ఇది నేరుగా రూపాయల లెక్కయే. కావున ముంగిలి ఎంత యున్నదో అంతయు పచ్చిక చేయక, మే నెలలో మిగులు నీరు ఎంత యుండునో అంతకు సరిపోవు తావునే ఎన్నుకొనవలయును. స్నానము చేసిన నీరు, కూరగాయలు కడిగిన నీరు దీనికి పనికివచ్చును. సబ్బు మిక్కుటముగానున్న నీరు వలదు.

ఇచ్చటనే గరిక గొప్పతనము తెలియును. నీరు చాలనప్పుడు ఇది పైయాకులను ఎండనిచ్చి, నేలలోని కాడలలో ప్రాణము దాచుకొని, వానకై వేచియుండును. మూడు వారములకొకసారి సెంటునకు 500 లీటర్లు, అనగా వారపు కొలతలో సగము, పోసినచో ఆ ప్రాణము నిలుచును. యెషయా గ్రంథమున ఎండిపోవు గడ్డి ప్రస్తావన చదివినవారికి ఒక మాట. పాలస్తీనా కొండలమీది గడ్డిలో చాలభాగము చలికాలపు వానలకు మొలచి, విత్తనము రాల్చి, వేసవినాటికి వేళ్లతోకూడ చచ్చునది. మన గరిక యట్టిది కాదు. పసుపువన్నెకు తిరిగిన గరికను చూచి చచ్చినదని త్రవ్వివేయుట తొందరపాటు. తొలకరి పడిన పది పదునైదు దినములవరకు ఆగి చూడవలయును.

నెలకొల్పుటలో అన్నిటికంటె కష్టమైనది నాటుట కాదు. నాటుటకు ముందు తుంగను తీయుట. తుంగ గడ్డివలె కనబడునుగాని గడ్డి కాదు. కాడను వ్రేళ్లమధ్య త్రిప్పి చూడుడు. గడ్డి కాడ గుండ్రముగానో చదునుగానో యుండి, ఆకులు రెండువరుసలుగా వచ్చును. తుంగ కాడకు మూడు పలకలు, ఆకులును మూడువరుసలు. పైని పెఱికిన ఏమియు లాభము లేదు, ఏలయన దాని బలమంతయు నేలలో గొలుసువలె కూర్చబడిన గడ్డలలో నున్నది. ఒక గడ్డను తీసిన పక్కగడ్డ మొలచును. పారతో నొకసారి త్రవ్వి వదలినచో గొలుసు తెగి, ప్రతిగడ్డయు వేఱొక మొక్కయగును. గరిక మొలచినపిమ్మట ఈ తుంగను దానినుండి వేఱుచేయుట దాదాపు అసాధ్యము. అందువలన పచ్చిక బ్రదుకో చావో నాటకముందే తేలిపోవుచున్నది.

దీనికి మంచి అదను వేసవియే. ఏప్రిలు మాసమున నేలను ఒక జానెడు, అనగా 9 అంగుళముల లోతున త్రవ్వి, పెల్లలు తిరుగవేసి ఎండకు వదలవలయును. పైకివచ్చిన తుంగగడ్డలను ఏఱివేయవలయును. మిగిలినవానిలో కొన్ని ఎండి చచ్చును. పిదప నేలను ఒకసారి తడిపి, ఒకటి రెండు వారములు ఆగినచో దాగియున్న గడ్డలు మొలచి తమ తావు తామే చూపును. వానిని తొలికతో గడ్డసహితముగా త్రవ్వి తీయవలయును. మరల తడుపుట, మరల తీయుట. ఈ విధముగా మూడుసార్లయిన జరుగవలయును. రోహిణి కార్తె ముగియునాటికి ఈ పని పూర్తియైన మంచిది. నేలపై పారదర్శకమైన పాలిథీను పట్టాను నెలదినములు కప్పియుంచినచో కలుపువిత్తనములు చాలవఱకు ఉడికి చచ్చును. లోతున నున్న తుంగగడ్డలకు మాత్రము ఆ యుపాయము చాలదు, చేతిపని తప్పదు.

త్రవ్విన నేలకు సెంటునకు 200 కిలోగ్రాముల పశువులపెంట కలుపవచ్చును. పెంట బాగుగా చివికినదై యుండవలయును. పచ్చిపెంటతో ఊరిలోని కలుపువిత్తనములన్నియు మన ముంగిటికి వచ్చును. రేగడినేల యైనచో నీరు నిలువకుండ ఇసుక చేర్చుట, గోడనుండి బయటికి 100 అడుగులకు ఒకటి రెండు అడుగుల వాలు ఉంచుట ముఖ్యము. నేలను చదునుచేసి, దంతెతో దువ్వి, ఒక వానకు దిగనిచ్చి, పల్లములను పూడ్చవలయును.

నాటుటకు ఆరుద్ర కార్తె మంచిది. నెల్లూరు ప్రాంతమున హెచ్చు వర్షము ఈశాన్య ఋతుపవనముతో వచ్చును గనుక, ఆ వైపువారు అక్టోబరు వానలవఱకు ఆగవచ్చును. గరికను కొననక్కఱలేదు. కాలువగట్టున మేకలు మేసి పొట్టిగా నున్నచోట, సన్నని ఆకుగల గరికను ఎంచి, తుంగ కలియకుండ చూచి తెచ్చుకొనవచ్చును. రైతు తన పొలములోని గరికను త్రవ్వికొని పొమ్మని సంతోషముతో చెప్పును. కాడను మూడేసి కణుపుల తునకలుగా కోసి, నాలుగేసి అంగుళముల ఎడమున, రెండు కణుపులు మట్టిలోను ఒకటి పైనను ఉండునట్లు గ్రుచ్చి అదుమవలయును. సెంటునకు ఇట్టివి 4,000 తునకలు పట్టును. నలుగురు పిల్లలకు రెండుదినముల పని. కోసిన తునకలను ఎండలో పెట్టరాదు. తడిగోనెలో చుట్టి ఆ పూటనే నాటవలయును.

పని తగ్గించుకొనగోరువారు తునకలను సన్నగా తఱిగి, మట్టి, పేడ, నీళ్లతో కలిపి, అంగుళము మందమున నేలపై మెత్తుదురు. ఇది బాగుగనే మొలచునుగాని గరిక హెచ్చు కావలయును. ఊరిగరిక విత్తనమును చల్లు పద్ధతియు గలదు. పొట్టు తీసిన విత్తనము కిలోగ్రామునకు సుమారు నలువది లక్షలుండును; సెంటునకు 300 గ్రాములు చాలును. ఇసుకలో కలిపి, సగము తూర్పుపడమరగను సగము ఉత్తరదక్షిణములుగను చల్లి, పైపైన కప్పవలయును. ఒక పెద్దవాన వచ్చినచో విత్తనమంతయు ఒక మూలకు కొట్టుకొనిపోవుటయు గలదు గనుక మేము తునకలనే ఇష్టపడుదుము.

మొదటి రెండువారములు వాన లేనిదినమున పూటపూటకు పలుచగా నీరు చల్లవలయును. వేళ్లు దిగిన వెంటనే ఈ యలవాటు మానవలయును. దినదినము కొంచెము కొంచెముగా నీరు త్రాగిన గరిక వేళ్లను పైననే యుంచుకొని, వేసవిలో మొదట వాడును. వారమునకొకసారి లోతుగా తడిపినచో వేళ్లు నీటివెంట క్రిందికి దిగును. రెండు మూడు నెలలలో నేల కప్పబడును.

రెండంగుళముల ఎత్తు పెరిగినపిమ్మట కోత ప్రారంభింపవచ్చును. గడ్డి పెరుగుదల ఆకు చివర కాక మొదటనున్నది గనుక, కోసినకొలది మరల లేచును. ఒక్కమాఱు మూడవవంతునకు మించి కోయరాదు. అంగుళము మొదలు అంగుళమున్నర వరకు నిలుపుట మేలు. పచ్చిక కోయు యంత్రమును 1830లో ఇంగ్లాండున ఎడ్విన్ బడ్డింగ్ అనునతడు, నేతమిల్లులలో బట్టపైని నూగును కత్తిరించు యంత్రమును చూచి కనిపెట్టెను. మనకు పదునైన కొడవలియు సాధకము గల చేయియు చాలును. యూరియా వేయదలచినచో, వానకాలమున నెలకు సెంటునకు పావుకిలోకు మించకుండ చల్లి, వెంటనే నీరు పెట్టవలయును. ఎండలో ఆకుపై నిలిచినచో మచ్చలుగా మాడ్చును.

పూలమడులయొక్కయు పొరుగువారి పెరటియొక్కయు సరిహద్దున అడుగులోతు సన్నని కందకము త్రవ్వి యుంచవలయును. ముంగిట ముద్దుగా నున్న గరికయే కూరమడిలోనికి ప్రాకినచో దానిని వదలించుకొనుట గొప్ప ప్రయాస. నెలకొకసారి ఆ సరిహద్దువెంబడి తిరిగి, కందకము దాటిన కాడలను కోసివేయవలయును. కోసిన కాడలను పెంటకుప్పపై వేయరాదు, అచ్చటనే వేళ్లూనును; ఆవునకు వేయుడు.