పెరిగిన నల్లపూసలు

చెల్లీ, మీ ఇంట్లో తెగిపోయిన దండ ఒకటి ఉండే ఉంటుంది. బీరువాలో చీరల అడుగున, పాత కుంకుమ భరిణెలోనో, జిప్పు పాడైన పర్సులోనో. ముందు దాన్ని బయటికి తియ్యి. "పూసల నగలు చెయ్యడం నేర్చుకోవాలనుందక్కా, ఏమేం కొనాలి?" అని అడిగే అమ్మాయిలందరికీ నేను మొదట చెప్పే మాట ఇదే. బజారుకి తరవాత వెళ్దాం.

నాకీ పని అబ్బింది అమ్మ నల్లపూసల వల్ల. ఒక శ్రావణ శుక్రవారం, కలశం దగ్గర వంగి అక్షింతలు అందుకోబోతుంటే, దండ పీట మూలకి తగులుకుని పుటుక్కుమంది. పూసలన్నీ గచ్చు మీద జలజలా రాలాయి. "అయ్యో, తెగాయే" అనబోయాను. అమ్మ నా నోటికి చెయ్యి అడ్డం పెట్టి "పెరిగాయి అనాలి" అంది. మన ఇళ్ళల్లో దీపం ఆరిపోదు, కొండెక్కుతుంది. బియ్యం అయిపోవు, నిండుకుంటాయి. నల్లపూసలు తెగవు, పెరుగుతాయి. ఆ పూట వ్రతం అయ్యాక చేటలో పూసలు పోసుకుని, వసారాలో వెలుతురుకి ఎదురుగా అమ్మా నేనూ కూర్చున్నాం. ఐదు నల్లవి, ఒక బంగారు గుండు, మళ్ళీ ఐదు నల్లవి. లెక్క అమ్మది, సూది నాది. పెళ్ళయ్యాక అమ్మతో అంతసేపు ఏ హడావుడీ లేకుండా కూర్చున్నది అదే మొదటిసారి. తన పెళ్ళిలో నల్లపూసలు ఎవరెవరు గుచ్చారో, అందులో ఎవరి చెయ్యి చల్లనిదని అనుకునేవారో, ఆ కబుర్లన్నీ అప్పుడే విన్నాను.

అయితే మేం గుచ్చింది కుట్టుమిషను దారంతో. రెండు పోగులు వేశాం కదా అని ధీమా. పన్నెండు రోజులకే మళ్ళీ పెరిగాయి. తప్పు దారానిది మాత్రమే కాదు. గాజుపూస రంధ్రం అంచు సన్నటి కత్తిలాంటిది. మెడ కదిలినప్పుడల్లా దారాన్ని కోస్తూనే ఉంటుంది. దానికి చెమట తోడైతే నూలు ఎన్నాళ్ళు ఆగుతుంది చెప్పు?

ఆ అంచు ఎందుకు పదునుగా ఉంటుందో తెలుసుకుంటే నీకు పూసల మీద మమకారం ఇంకా పెరుగుతుంది. తిరుపతి నుంచి శ్రీకాళహస్తి వెళ్ళే వైపు, ఏర్పేడు మండలంలో పాపానాయుడుపేట అని ఒక ఊరుంది. అక్కడ పూసని ఒక్కొక్కటిగా చెయ్యరు. కొలిమిలో కరిగిన గాజు ముద్దని 'లాడా' అనే పొడవాటి ఇనప గొట్టానికి పట్టించి, శంకువులా మలిచి, దాని కొసని పట్టుకుని సన్నటి గొట్టంగా సాగదీస్తారు. లోపల గాలి ఉంటుంది కాబట్టి ఎంత సాగినా రంధ్రం పూడదు. ఆ గాజు గొట్టాలని చిన్న చిన్న ముక్కలుగా తరుగుతారు. తరిగిన ముక్కకి అంచులు పదునుగానే ఉంటాయి కదా. అందుకని బూడిద కలిపి మళ్ళీ వేడి మీద తిప్పుతారు. బూడిద రంధ్రాల్లో చేరి అవి మూసుకుపోకుండా కాపాడుతుంది, వేడికి అంచులు గుండ్రబడతాయి. పుదుచ్చేరి దగ్గర అరికమేడు తవ్వకాల్లో, సుమారు రెండు వేల ఏళ్ళ కిందటి, ఇలా సాగదీసిన పూసలే దొరికాయి. అలాంటివి సముద్రాలు దాటి ఆగ్నేయాసియా దాకా, తూర్పు ఆఫ్రికా దాకా వెళ్ళాయి. పీటర్ ఫ్రాన్సిస్ అనే అమెరికన్ పరిశోధకుడు వాటికి ఇండో-పసిఫిక్ పూసలని పేరు పెట్టాడు. అంత పాత విద్య మన రాయలసీమ పల్లెలో చేతుల్లో నిలిచిందంటే నాకు ఒళ్ళు పులకరిస్తుంది. కొనేటప్పుడు పూసని వేలి కొస మీద రుద్ది చూడు. గీరుకుంటే వదిలెయ్యి, అది సరిగ్గా కాల్చి గుండ్రం చెయ్యని పూస. నున్నగా జారితే తీసుకో.

ఇక సామాను. పూసలు, గేర్ వైరు, గేర్ లాకులు, కొక్కెం, ఓ నాలుగు రింగులు, పళ్ళు లేని నున్నటి నోస్ ప్లయర్, ఒక కట్టర్. మొదటి నెలకి ఇంతకు మించి వద్దు. రంగురంగుల డబ్బాల్లో అన్నీ కలిపి అమ్మే కిట్లు కొనకు. అందులో సగం పూసలు నీకు నచ్చవు, నచ్చిన నాలుగూ దండకి చాలవు. హైదరాబాదులో అయితే బేగంబజారుకి వెళ్ళు. పూసలు లైన్ల లెక్కన ఇస్తారు. మామూలుగా లైను పదహారు అంగుళాలుంటుంది. 8 మిల్లీమీటర్ల పూసలైతే యాభై, 4 మిల్లీమీటర్లవైతే వంద వస్తాయి. ఇంటి దగ్గర ఈ లెక్క కాగితం మీద వేసుకుని వెళ్తే అక్కడ కళ్ళు చెదిరినా చెయ్యి అదుపులో ఉంటుంది. చిన్న గాజుపూసలకి నంబర్లుంటాయి, అవి తిరకాసు: నంబరు పెరిగేకొద్దీ పూస చిన్నదవుతుంది. 11 నంబరు దాదాపు 2 మిల్లీమీటర్లు, 8 నంబరు 3, 6 నంబరు 4. నువ్వు 8తోనో 6తోనో మొదలుపెట్టు.

గేర్ వైరంటే సన్నటి స్టీలు పోగులు మెలేసి పైన నైలాను పూత పూసినది. సూది అక్కర్లేదు, దానంతటదే పూసలోకి దూరుతుంది. చిన్న పూసలకి 0.38 మిల్లీమీటర్లది బాగుంటుంది. గుచ్చడం ఎవరికైనా గంటలో వచ్చేస్తుంది. దండకి ఆయుష్షు పోసేది మాత్రం చివర వేసే లాకు. నా మాట విని, రెండు అంగుళాల వైరు ముక్కలు కొన్ని కత్తిరించుకుని, ముందు లాకులు మాత్రమే ఓ ఇరవై నొక్కు.

గేర్ లాకు ఆవగింజంత ఉండే బోలు పూస. వైరుని అందులోంచి పోనిచ్చి, కొక్కెం రింగులోంచి తిప్పి, మళ్ళీ అదే లాకులోకి వెనక్కి తీసుకురా. రింగు చుట్టూ చిన్న ఉచ్చు ఏర్పడుతుంది. దాన్ని పూర్తిగా బిగించకు, రింగు అందులో అటూ ఇటూ ఆడాలి. లాకు లోపల రెండు వైర్లూ పక్కపక్కన ఉన్నాయా, ఒకదాని మీదికి ఒకటి ఎక్కిందా, కంటికి దగ్గరగా పెట్టి చూసుకో. పక్కపక్కన ఉంటే ప్లయర్ కొసతో నిదానంగా ఒక్క నొక్కు. లాగి చూడు. కదలకపోతే మిగిలిన కొసని మూడు నాలుగు పూసల్లోకి దూర్చి, ఆ తరవాతే కత్తిరించు. రెండో చివర మూసేముందు దండని చేతిలో గుండ్రంగా వంచి చూడు. పూసల మధ్య వెంట్రుకంత ఖాళీ లేకపోతే దండ మెడ మీద ఒదగదు, కర్రలా నిలబడుతుంది.

నేను మొదట్లో బలమంతా పెట్టి నొక్కేదాన్ని. గట్టిగా ఉంటే మంచిదే కదా అని. లాకు అంచు లోపల వైరుని సగం కోసేసినా బయటికి తెలియదు. మా ఆడపడుచుకి అలా చేసిచ్చిన పగడాల దండ వాళ్ళ గృహప్రవేశంలో, పాలు పొంగుతుండగా విడిపోయింది. ఆవిడ ఒక్క మాట అనలేదు. పూసలేరి కొంగున ముడేసుకుని నాకే తెచ్చి ఇచ్చింది. ఆ రాత్రి పడుకోకుండా మళ్ళీ గుచ్చి, లాకుని మూడు సార్లు లాగి చూసి, తెల్లారేసరికి ఆమె మెడలో వేశాను.

ముత్యాలు గుచ్చడం నేను హైదరాబాదు పత్తర్‌గట్టిలో ఒక దుకాణం అరుగు మీద చూసి నేర్చుకున్నాను. ఒక పెద్దాయన పట్టుదారం కొసని కాలి బొటనవేలికి తగిలించుకుని, ముత్యం ముత్యానికీ మధ్య చిన్న ముడి వేస్తున్నాడు. "ఎందుకు చాచా, ఇంత ఓపిగ్గా?" అని అడిగితే, రెండు ముత్యాలు రాసుకుంటే నిగారింపు పోతుందని, తెగినా ఒక్కటే జారుతుంది, మిగతావి ముడుల మధ్యే ఉండిపోతాయని చెప్పాడు. ఆ ముడిని సూదిమొనతో ముత్యం ఒడిలోకి నెట్టాలి. దానికి చెయ్యి తిరగాలంటే నెలలు పడుతుంది, కాబట్టి ముత్యాల జోలికి ఈ ఏడాది వెళ్ళకు.

పొడవు గురించి ఒక్క మాట. పదహారు అంగుళాలు మెడని పట్టుకుని ఉంటుంది, పద్దెనిమిది కంఠం కింది ఎముక మీద పడుతుంది, ఇరవైనాలుగు గుండెల దాకా వస్తుంది. ఎవరికి చేస్తున్నావో వాళ్ళ మెడకి నూలు దారం వేసి కొలుచుకో. చేతి దండకి మణికట్టు కొలత మీద ముప్పావు అంగుళం కలుపు.

"అమ్ముకోవచ్చా అక్కా?" అంటావేమో. అమ్ముకోవచ్చు, ఎంతోమంది ఇల్లు నడుపుకుంటున్నారు కూడా. కానీ ముందు ఇంట్లో వాళ్ళకి చేసి పెట్టి, ఆర్నెల్లు వాళ్ళ మెడల్లో చూడు. రంగు పోతోందా, లాకు నిలిచిందా, స్నానం నీళ్ళకి ఏమైందీ, అవన్నీ తెలిశాక ధర కట్టు. డబ్బు తీసుకున్నాక తెగితే అవతలి ఆవిడ పండగ పూట పాడవుతుంది.

గుచ్చడానికి మధ్యాహ్నం పూట కిటికీ పక్కన కూర్చో. స్టీలు పళ్ళెంలో తుండు పరిచి పోసుకుంటే పూసలు దొర్లవు. పాకే పిల్లలుంటే మాత్రం వాళ్ళు నిద్రపోయాకే డబ్బా మూత తియ్యి, అవి నోట్లో పెట్టుకుంటారు. ఎంత జాగ్రత్తపడ్డా నాలుగైదు కింద పడతాయి. చీపురు పట్టుకోకు. లైటు తీసేసి, టార్చిని గచ్చుకి ఆనించి పడుకోబెట్టు. మంచం కింద, బీరువా కాలి పక్కన, ఒక్కో పూస వెనక దానికంటే పదింతలు పొడుగు నీడ పడుతుంది. ఆ నీడని పట్టుకుని వెళ్ళి ఏరుకో. మొన్న అలా వెతుకుతుంటే, ఆనాడు శ్రావణ శుక్రవారం పెరిగినవాటిల్లోంచి అమ్మ బంగారు గుండు ఒకటి గడప సందులో దొరికింది.