అప్‌డేట్లు కంప్యూటరును నెమ్మది చేస్తాయా?

నేటి యుగం కంప్యూటర్ యుగం అని ప్రతి వార్షిక సంచికలోను ఎవరో ఒకరు రాస్తూనే ఉంటారు. ఈ హాస్టల్లో చదివే రోజుల్లో మేమూ రాశాము. అప్పటికి మా ఇంట్లో కంప్యూటర్ లేదు. ఇప్పుడు మాక్లూర్, ఆర్మూర్ చుట్టుపక్కల ఊళ్ళలో పాత డెస్క్‌టాపో, సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాపో ఉన్న ఇళ్ళు చాలానే కనబడుతున్నాయి. పీజీ చదువుతున్నామని తెలిసి అందరూ మమ్మల్నే పిలుస్తారు. ఎక్కడికి వెళ్ళినా ఒకటే మాట: "కొన్నప్పుడు మంచిగనే ఉండె బిడ్డా. అప్‌డేట్లు వచ్చినంక స్లో అయింది. బంద్ చెయ్యాల్నా?"

మా వాడకట్టులో ఒక కాక ఇంట్లో ఈ ప్రశ్న ఏడుపుదాకా వచ్చింది. కొడుకు స్కాలర్‌షిప్ ఫారం పెట్టడానికి అదే చివరి రోజు. కంప్యూటర్ పెడితే నీలం తెర మీద "అప్‌డేట్ అవుతున్నది, ఆపవద్దు" అన్న సందేశం. ముప్పై శాతం దగ్గర ఆగింది, కదలదు. పిల్లవాడు బండి మీద ఆర్మూర్ నెట్ సెంటర్‌కు ఉరికి ఎలాగో ఫారం పెట్టాడు. ఆ రాత్రి కాక మాతో అన్నాడు: "గా అప్‌డేట్లను మొత్తం పీకి పారెయ్." పీకే ముందు ఒకసారి లోపల చూద్దామన్నాము.

తమ్ముళ్ళూ, ముందుగా కంప్యూటర్ లోపలి ఒక విషయం తెలుసుకోవాలి. పాత కంప్యూటర్లలో ఉండేది హార్డ్ డిస్కు. అది నిమిషానికి 5400 లేదా 7200 సార్లు తిరిగే పళ్ళెం. దాని మీద ఒక సన్నని ముల్లు అటూ ఇటూ జరుగుతూ సమాచారాన్ని వెతుకుతుంది. ఒక చోటి నుంచి ఇంకో చోటికి జరగడానికి దానికి సుమారు సెకనులో నూరో వంతు పడుతుంది. అనగా వేర్వేరు చోట్ల ఉన్న చిన్న ఫైళ్ళను సెకనుకు నూరు వరకే అందుకోగలదు. అదే ఎస్‌ఎస్‌డి అయితే తిరిగే పళ్ళెం లేదు, ముల్లు లేదు కనుక అదే సెకనులో వేలల్లో అందుకుంటుంది.

ఇక అప్‌డేట్ వచ్చినప్పుడు విండోస్ చేసే పని చూడండి. మూటను దించుకుంటుంది, విప్పుతుంది, అసలైనదా కాదా అని సరి చూస్తుంది, పాత ఫైళ్ళను పక్కన దాచి కొత్తవి పెడుతుంది. ఇవన్నీ వేల చిన్న ఫైళ్ళు. ఒక్కొక్కదానిని యాంటీవైరస్ కూడా తెరిచి చూస్తుంది. హార్డ్ డిస్కు ముల్లుకు ఊపిరి ఆడదు. అదే సమయంలో మనం బ్రౌజర్ తెరిస్తే వరుసలో చివరన నిలబడాలి. కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడు మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. అందులో డిస్క్ అన్న చోట నూరు శాతం కనబడితే జరుగుతున్నది ఇదేనని అనుకోవచ్చు.

ఇంకొక తమాషా. మైక్రోసాఫ్ట్ 2003 నుంచి తన నెలవారీ భద్రతా అప్‌డేట్లను ప్రతి నెల రెండవ మంగళవారం విడుదల చేస్తున్నది. అమెరికాలో అది ఉదయం, మనకు రాత్రి పదిన్నర దాటుతుంది. కనుక మన ఇళ్ళలో కంప్యూటర్ మొరాయించేది ఎక్కువగా ఆ మరునాడు, బుధవారం. కాక కొడుకు ఫారం చివరి రోజు కూడా బుధవారమే! అప్‌డేట్ పూర్తయి, రీస్టార్ట్ అయి, కాసేపు ఊరకే వదిలేస్తే ఈ నెమ్మది చాలావరకు పోతుంది. చాలామంది మధ్యలోనే విసిగి స్విచ్ తీసేస్తారు. మళ్ళీ పెట్టినప్పుడు పని మొదటికి వస్తుంది, ఒక్కోసారి విండోస్ చెడిపోతుంది కూడా.

మరి అప్‌డేట్ వల్ల శాశ్వతంగా నెమ్మది కావడం ఉండదా అంటే, ఉంటుంది. దాచవలసిన పని లేదు. 2018 జనవరిలో ప్రాసెసర్ల తయారీలోనే ఉన్న మెల్ట్‌డౌన్, స్పెక్టర్ అనే లోపాలు బయటపడ్డాయి. వాటికి వేసిన మాట్ల వల్ల 2015 నాటి, అంతకు ముందటి ప్రాసెసర్లతో విండోస్ 7, 8 నడుపుతున్న వారిలో ఎక్కువమందికి వేగం తగ్గినట్టు తెలుస్తుందని మైక్రోసాఫ్ట్ తానే ఒప్పుకున్నది. కొత్త ప్రాసెసర్లలో తేడా తెలియనంత స్వల్పం. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్‌లోనో మరో చోటనో మనం కొనే పాత ఆఫీసు కంప్యూటర్లలో ఆ కాలం నాటివి ఎన్నో ఉంటాయి. కనుక కాక మాటలో కొంత నిజం లేకపోలేదు.

అయితే కాక కంప్యూటర్‌లో మాకు కనబడిన అసలు దొంగలు వేరు. రిపేరుకు ఇచ్చినప్పుడు ఎవరో వేసిన రెండు యాంటీవైరస్‌లు, ఒక రిజిస్ట్రీ క్లీనర్, ర్యామ్ బూస్టర్ ఒకటి, డ్రైవర్లను వెతికే ప్రోగ్రామ్ ఇంకొకటి. ఐదూ కంప్యూటర్ పెట్టగానే లేచి కూర్చుంటాయి. ఉన్న ర్యామ్ నాలుగు జీబీ! మేము కూడా మొదటి కంప్యూటర్‌కు ఇలాంటివే వేసి, "1,200 లోపాలు సరిచేయబడ్డాయి" అని చూపిస్తే సంబరపడిన వాళ్ళమే.

రిజిస్ట్రీ అనగా విండోస్ తన అమరికలన్నీ రాసుకునే పెద్ద లెక్కల పుస్తకం. లక్షల పద్దుల్లో వెయ్యి పద్దులు కొట్టేసినంత మాత్రాన వేగం పెరగదు. కొట్టేయకూడని పద్దు పోతే మాత్రం ఏదో ఒకటి పని చేయదు. ఇలాంటి క్లీనర్లను తాము సమర్థించమని మైక్రోసాఫ్టే చెప్పింది. ర్యామ్ బూస్టర్ ఇంకా విచిత్రం. ర్యామ్‌లో ఉన్నదాన్ని డిస్కు మీదకు నెట్టి "ఖాళీ అయింది" అంటుంది. మరుక్షణం అది మళ్ళీ కావలసి వస్తే ఆ ముల్లే పోయి వెతకాలి. బ్రౌజర్ దాచుకున్న బొమ్మలను రోజూ తుడిస్తే మన ఫోన్ డేటాతోనే వాటిని మళ్ళీ దించుకోవాలి. పసుపు కొమ్ములను డ్రమ్ములో తిప్పి పాలిష్ పడతాము కదా. మెరుపు కోసం అవసరానికి మించి తిప్పితే తగ్గేది తూకమే.

పేరున్న పరికరమైతే భయం లేదనుకోరాదు. సీక్లీనర్ 2017 ఆగస్టులో విడుదల చేసిన 5.33 వెర్షన్‌లోకి దొంగలు ముందే తమ ప్రోగ్రామ్ ఎక్కించారు. నెల రోజుల్లో సుమారు 22 లక్షల 70 వేల కంప్యూటర్లకు అది చేరింది.

"అయితే అప్‌డేట్లు కూడా బంద్ చేద్దాం" అన్నాడు కాక. అక్కడ మేము ఒప్పుకోలేదు. 2017 మే 12న వన్నాక్రై అనే వైరస్ లోకమంతా పాకి, ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగింది. ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది దూరిన కంతను పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే, అనగా రెండు నెలల ముందే వచ్చి ఉంది. ఇటు వైపు ఉదాహరణ కూడా చెప్పాలి. 2024 జులై 19న క్రౌడ్‌స్ట్రైక్ అనే భద్రతా కంపెనీ పంపిన ఒక తప్పుడు అప్‌డేట్‌తో సుమారు 85 లక్షల విండోస్ కంప్యూటర్లు పడిపోయాయి. ఆ రోజు శంషాబాద్ విమానాశ్రయంలో బోర్డింగ్ పాసులు చేత్తో రాసి ఇచ్చారు. కానీ ఆ సాఫ్ట్‌వేర్ పెద్ద సంస్థలు వాడేది. ఇళ్ళలోని కంప్యూటర్లకు అది తగలలేదు.

కాక కంప్యూటర్‌కు మేము చేసింది కొంచెమే. ఆ ఐదింటిని తీసేసి, విండోస్‌తో వచ్చే డిఫెండర్ ఒక్కటి ఉంచాము. టాస్క్ మేనేజర్‌లోని స్టార్టప్ జాబితాలో అక్కరలేనివి ఆపాము. యాక్టివ్ అవర్స్ అనే చోట పొద్దున నుంచి రాత్రి వరకు పని వేళలుగా పెడితే ఆ గంటల్లో దానంతట అది రీస్టార్ట్ కాదు. ఫోన్ హాట్‌స్పాట్‌ను మీటర్డ్ కనెక్షన్ అని గుర్తించి పెడితే పెద్ద అప్‌డేట్లు రోజువారీ డేటాను చాలావరకు మింగవు. కాకపోతే నెలకొకసారి తీరిక చూసి మనమే దించుకోవాలి. మాక్లూర్‌లో కరెంటు ఉండే వేళ కూడా చూసుకోవాలనుకోండి! ఇంతా చేశాక, తరువాతి నెల డబ్బులు చేతికొచ్చినప్పుడు ఒక చిన్న ఎస్‌ఎస్‌డి వేయించాము. మిగతావన్నీ కలిపి ఇచ్చిన తేడా కన్నా అది ఇచ్చినదే ఎక్కువ.

ఒక్క చిక్కు మిగిలింది. అందులో ఉన్నది విండోస్ 10. దానికి మామూలు మద్దతు 2025 అక్టోబర్ 14తో ముగిసింది. నమోదు చేసుకున్న ఇళ్ళ కంప్యూటర్లకు భద్రతా అప్‌డేట్లను మరో ఏడాది ఇస్తామని మైక్రోసాఫ్ట్ ప్రకటించడంతో అందులో నమోదు చేశాము. విండోస్ 11 ఆ పాత ప్రాసెసర్‌ను ఒప్పుకోదు. తరువాత ఉచితంగా దొరికే లినక్స్ వేయాలని మా ఆలోచన. కాక మాత్రం "దానికి కూడా అప్‌డేట్లు ఉంటయా?" అని అడిగాడు. ఉంటాయని చెప్పాము.