పాత మారియో ఆటను మళ్లీ ఆడితే



నలభై ఏళ్లు దాటిన తండ్రులలో కొందరికి 'మారియో' అనగానే ముఖం వికసిస్తుంది. టీవీకి తగిలించిన చిన్న పెట్టె, అందులో గుచ్చిన క్యాసెట్టు, ఎర్ర టోపీ మీసాల మనిషి గుర్తుకొస్తారు. ఆ ఆట నేటి పరికరాల మీద కూడా దొరుకుతుంది. ఎంతో ఇష్టంగా తెచ్చి, "ఆడి చూడు నాన్నా" అని కొడుకు చేతికిస్తారు. పది నిమిషాలకే వాడు పక్కన పెట్టేస్తాడు. తండ్రి మనసు చివుక్కుమంటుంది. పోనీ తానే ఆడదామని కూర్చుంటే, కాసేపు సంతోషం, కాసేపు విసుగు! ఎందుకిలా? ఆట చెడ్డదా, మనం మారామా? నిదానంగా పరిశీలిద్దాం.

జపానుకు చెందిన నింటెండో సంస్థ 'సూపర్ మారియో బ్రదర్స్'ను 1985 సెప్టెంబరు 13న విడుదల చేసింది. రూపకర్తలు షిగెరు మియామోటో, తకాషి తెజుకా. సంగీతం కోజి కోండో సమకూర్చారు. 8 లోకాలు, ఒక్కొక్క లోకంలో 4 స్టేజీలు, మొత్తం 32. ఇదంతా కేవలం 40 కిలోబైట్లలో ఇమిడింది. చోటు చాలక, మేఘం బొమ్మకే పచ్చరంగు వేసి పొదగా వాడుకున్నారు!

1. ఆటలోని మంచి

మొదటి స్టేజి ఒక మంచి ఉపాధ్యాయుడు. ఒక్క మాటైనా చెప్పకుండా పాఠం నేర్పుతుంది. మారియో తెరకు ఎడమ వైపున నిలబడి ఉంటాడు, కుడి వైపు ఖాళీ. ఎటు నడవాలో ఎవరూ చెప్పనక్కరలేదు. ఎదురుగా గూంబా అనే జీవి వస్తుంది. తగిలితే ప్రాణం పోతుంది, కాని నష్టం నాలుగడుగులే. రెండోసారి ఎగరడం దానంతట అదే వస్తుంది. ప్రశ్న గుర్తున్న పెట్టెను తలతో కొడితే పుట్టగొడుగు బయటికొచ్చి, గొట్టానికి తగిలి, మన వైపే తిరిగి వస్తుంది. భయపడతాము. తగిలాక చూస్తే మారియో పెద్దవాడవుతాడు!

2. ఆటలోని లోపం

ఇదే ఉపాధ్యాయుడు పోను పోను కఠినుడవుతాడు. ఆరంభంలో ఇచ్చేవి మూడు లైఫులు. ఉన్నవన్నీ పోతే మళ్లీ మొదటి స్టేజి. ఎక్కడిదాకా వచ్చామో దాచుకునే వీలు లేదు. 'ఏ' బటన్ నొక్కిపట్టి 'స్టార్ట్' నొక్కితే, ఓడిన లోకం మొదటి నుంచి ఆడవచ్చు. అయితే ఆ సంగతి తెర మీద ఎక్కడా కనబడదు. ఏడవ లోకపు కోటలో తప్పు దారి పడితే అదే దారి మళ్లీ మళ్లీ వస్తుంది. తప్పు ఎక్కడ జరిగిందో ఆట చెప్పదు. కారణం తెలిస్తేనే శిక్ష శిక్షణ అవుతుంది. తెలియనప్పుడు అది వేధింపే. పిల్లవాడి విసుగులో న్యాయం ఉందని ఒప్పుకోవాలి.

3. జ్ఞాపకం చేర్చినది

మరి మనం ఇదంతా ఎలా భరించాం? ఆనాటి ఆనందమంతా క్యాసెట్టులో లేదు. ఇద్దరు ఆడితే ఒకరు మారియో, మరొకరు లుయీజీ. అన్న లైఫు పోయేదాకా తమ్ముడు పక్కనే కూర్చుని చూడాలి. ఆ చూడటంలోనే సగం ఆట! మొదటి లోకం రెండవ స్టేజిలో పైకప్పు మీదికెక్కి చివరిదాకా నడిస్తే, 2, 3, 4 లోకాలకు తీసుకెళ్లే గొట్టాలుంటాయి. ఈ రహస్యం మనకెలా తెలిసింది? స్నేహితుడు చెప్పాడు, లేదా పక్కింటి అన్న చూపించాడు. ఆట దాచినదాన్ని తోటివారు అందించారు. దాని కాఠిన్యాన్ని స్నేహం మెత్తబరిచింది.

తండ్రులారా, మీరు కొడుక్కి ఆటనిచ్చారు, తోడునివ్వలేదు! అదీ జరిగిన పొరపాటు. ఈసారి పక్కన కూర్చోండి. వాడికి మారియోను ఇచ్చి మీరు లుయీజీ తీసుకోండి. గొట్టాల రహస్యం చెవిలో చెప్పండి. కొత్త పరికరాలలో ఆటను మధ్యలో దాచుకునే వీలుంటే వాడుకోండి, అది మోసం కాదు. అప్పటికీ వాడికి నచ్చకపోతే నొచ్చుకోకండి. మీ బాల్యాన్ని ప్రేమించడం వాడి బాధ్యత కాదు. ఆ సాయంత్రం మీరు వాడి పక్కన ఉన్నారన్నది మాత్రం వాడికి గుర్తుంటుంది.

ఇంట్లో మాట్లాడుకోండి:

1. చిన్ననాడు మీకిష్టమైన ఏ వస్తువు నేడు మీకు విసుగు కలిగించింది? ఎందుకు?

2. కారణం చెప్పకుండా పిల్లలను దండించిన సందర్భం ఉందా?

3. ఈ వారం పిల్లలకిష్టమైన ఏ ఆటను వారి పక్కన కూర్చుని నేర్చుకుంటారు?