మగ్గమునకు సెలవు ఎప్పుడు?

షోలాపురము, భివండీలలో సాంచాలపై పనిచేసిన వారికి షిఫ్టు గంట తెలియును. ఇంట గుంటమగ్గము నేయువారికి ఆ గంట లేదు.

1948 నాటి ఫ్యాక్టరీల చట్టము మిల్లు కార్మికునికి సాధారణముగా రోజుకు 9 గంటలు, వారమునకు 48 గంటలు మించని పనిని, 5 గంటల లోపున అరగంట విశ్రాంతిని, వారమునకొక సెలవును నిర్ణయించినది. మన ఇంటి మగ్గమునకు ఆ హద్దు చేరలేదు. మనకు కూలి గంటకు గాదు, నేసిన బట్టకు. కనుక ఊరకున్న పూట నష్టముగా తోచును.

కాని సోదరులారా, లెక్క చూడుడు. అలసిన కంటికి తెగిన పడుగు పోగు కనబడదు. జానెడు నేసిన పిదప తప్పు తెలిసినచో విప్పి మరల నేయవలెను. విప్పనిచో కూలి తగ్గును. రాత్రి మిగిల్చిన గంట ఉదయము పోవును. నడుము నొప్పి వేరు.

మన పెద్దలు చాలచోట్ల అమావాస్యనాడు మగ్గము ఆపెడివారు. అది సోమరితనము కాదు.

మరియొక మాట. మగవాడు నాడె దించిన పిదప గూడ ఇల్లాలు కండెలు చుట్టుచునే యుండును. ఆమెకు తీరిక లేని యింట సెలవు సగమే. కావున దీపాల వేళకు రాట్నము, మగ్గము రెండును ఒకేసారి ఆపుడు. బడిలో మరాఠీయో, తమిళమో చదువు పిల్లలకు ఆ గంటలో నాలుగు తెలుగు అక్షరములు నేర్పవచ్చును.